నాన్నకి వేరే గిన్నెందుకు?

"స్టాక్ ఎట్లా తయారు చేస్తారో తెలుసా?" అని ఇంట్లో అడిగితే మా తమ్ముడు ఫోన్‌లో షేర్ల యాప్ తెరిచాడు. అమ్మేమో "ఏ సరుకు?" అంది. నాన్న ఏమీ అనలేదు. ఆయన అప్పటికే కంచం పక్కకి జరిపి చెయ్యి కడుక్కోడానికి వెళ్లిపోయారు.

ఆ కంచం గురించే ఈ వారం కబుర్లు.

సంక్రాంతి అయిన తర్వాత నాన్నకి బీపీ ఎక్కువగా ఉందని తేలింది. డాక్టరుగారు మాత్రలు రాసి, "ఉప్పు బాగా తగ్గించాలి" అన్నారు. పెదకాకాని మాది. నలభై ఏళ్లు మిరపచేలో నిలబడ్డ మనిషాయన. పచ్చి మిరపకాయని ఉప్పులో అద్దుకుని పెరుగన్నంలోకి నంజుకోవడం ఆయనకి భోజనంలో ఒక భాగం. ఆయనకి ఉప్పు తగ్గించమంటే ఊరు మారమన్నట్టే.

అమ్మ ఆ రోజు నుంచే రెండు గిన్నెలు పెట్టడం మొదలెట్టింది. మాకో చారు, నాన్నకో చారు. మాకో పప్పు, నాన్నకో పప్పు. పొరపాటున మారిపోకుండా నాన్న గిన్నె పిడికి ఎర్రదారం కట్టింది. పాపం, పొద్దున్నే ఆవిడ పని రెట్టింపు. ఇంత చేసినా నాన్న రెండు ముద్దలు తిని, "ఇది చారా, కడుగు నీళ్లా?" అనేవారు.

ఓ రోజు మాత్రం ఇంకో మాటన్నారు. "నా ఇంట్లో నాకు వేరే గిన్నేందే?" అని. గట్టిగా కూడా అనలేదు. అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. నాకు అప్పుడు అర్థమైంది, ఉప్పు లేకపోవడం కన్నా ఆ ఎర్రదారం ఎక్కువ బాధ పెడుతోందని. నలుగురం ఒకే చారు పోసుకునేలా ఏదైనా చెయ్యాలి. కానీ ఎట్లా?

ముందు క్యూబ్ కొన్నా

మనందరం చేసే పనే చేశా. ఫోన్ తీసి ఆర్డర్ పెట్టా. వంట వీడియోల్లో చూస్తుంటాం కదా, మరిగే నీళ్లలో చిన్న క్యూబ్ వేస్తారు, అంతే, గొప్ప సూప్ అయిపోతుంది. అదే స్టాక్ క్యూబ్. అది వేస్తే చారుకి రుచి వస్తుంది, ఉప్పు వెయ్యక్కర్లేదు అనుకున్నా.

ప్యాకెట్ వచ్చాక వెనక చదివా. పదార్థాల జాబితాలో మొదటి పేరే ఉప్పు! బరువులో ఏది ఎక్కువుంటే అది ముందు రాయాలి. చాలా రకాల క్యూబుల్లో బరువులో దాదాపు సగం ఉప్పే ఉంటుందట. ఉప్పు మానిపించడానికి ఉప్పుగడ్డ కొన్నానన్నమాట.

మీరు ఏ ప్యాకెట్ కొన్నా ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. లేబుల్ మీద సోడియం అని ఉంటుంది. దాన్ని 2.5తో గుణిస్తే ఉప్పు ఎంతో వస్తుంది. అంటే 400 మిల్లీగ్రాముల సోడియం అంటే ఒక గ్రాము ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పే హద్దు రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు, అంటే టీస్పూన్ నిండా కూడా కాదు. అందులోనే పచ్చడి, అప్పడం, చిప్స్ అన్నీ కలిపి.

ఇంట్లో ఎంత వాడుతున్నారో తెలుసుకోవడానికి ఇంకో తేలిక లెక్క చెప్తా. నలుగురున్న ఇంట్లో కేజీ ఉప్పు ప్యాకెట్ నెలరోజులు వస్తే, మనిషికి రోజుకి 8 గ్రాముల పైనే పడుతున్నట్టు. మా ఇంట్లో ఇరవై రోజులకే అయిపోతోంది. అంటే 12 గ్రాముల పైమాటే. అందులో కొంత గిన్నెల్లో, గంజిలో పోయిందనుకున్నా, తక్కువేం కాదు. నాన్నకి బీపీ అని బయటపడింది కానీ, ఆ ప్యాకెట్ తింటున్నది నలుగురం.

1908లో ఇద్దరు

క్యూబ్ పక్కన పెట్టి దాని పుట్టుక చదవడం మొదలెట్టా. సరదాగా ఉంది. 1908లో స్విట్జర్లాండ్‌లో జూలియస్ మాగీ కంపెనీ స్టాక్‌ని క్యూబ్ చేసి అమ్మడం మొదలుపెట్టింది. అదే 1908లో టోక్యోలో కికునే ఇకెడా అనే రసాయన శాస్త్రవేత్త, వాళ్ల ఇంటి పులుసుకి ఆ కమ్మదనం ఎక్కణ్నుంచి వస్తోందా అని వెతికాడు. వాళ్లు కొంబు అనే సముద్రపు నాచుని నీళ్లలో వేసి తేట తీస్తారు. ఆ తేటలో గ్లూటమేట్ అనే పదార్థం ఉందని, ఆ రుచి దానిదేనని కనిపెట్టి 'ఉమామి' అని పేరు పెట్టాడు. తీపి, పులుపు, ఉప్పు, చేదు లాగే అదీ ఒక రుచి.

ఇక్కడ మనకి పనికొచ్చే సంగతేంటంటే, వంటలో ఈ కమ్మదనం బాగుంటే ఉప్పు కొంత తగ్గినా నాలుక అంతగా పట్టించుకోదు. దీని మీద పరిశోధనలు కూడా జరిగాయి. నాన్న చారులో అమ్మ ఉప్పు తీసేసింది. దాని బదులు ఏమీ పెట్టలేదు. లోటు అక్కడుంది.

సరే, కొంబు పెదకాకానిలో దొరకదు. మరి మనకి ఏముంది?

వీధిలో అడిగా

స్టాక్ అంటే ఏమీ లేదు. ఎముకలో, కూరగాయలో, పప్పులో ఉన్న రుచిని నీళ్లలోకి దింపి, వడకట్టి, ఆ నీళ్లతో వంట చెయ్యడం. ఇలా చెప్పి అడిగేసరికి అమ్మ నవ్వింది.

"కట్టు కదే అది!" అంది.

అవును కదా! పప్పు ఉడికాక మెదపకుండా పైన తేరిన నీళ్లు వంపుతారే, అది కట్టు. దాంతో కాచింది కట్టు చారు. మా చిన్నప్పుడు అమ్మ రోజూ తీసేది. కుక్కర్ వచ్చి, లెక్కగా నీళ్లు పోసి, అన్నీ కలిపి మెదిపెయ్యడం అలవాటయ్యాక కట్టు తియ్యడం పోయింది. చారు అంటే చింతపండు నీళ్లు, పొడి, ఉప్పు అయిపోయింది. దాన్లోంచి ఉప్పు తీసేస్తే ఇంకేం మిగులుతుంది? నాన్నన్న మాట నిజమే. కడుగు నీళ్లే.

ఆ సాయంత్రం నుంచి కనిపించిన ప్రతి ఒక్కరినీ అడిగా. 'స్టాక్' అన్న మాట ఒక్కరికీ తెలీదు. ఆ వస్తువు తెలియనివాళ్లు ఒక్కరూ లేరు. వాళ్లు చెప్పినవి చేసి చూశా. కొలతలతో సహా ఇస్తున్నా.

అమ్మ కందికట్టు

గ్లాసు కందిపప్పు బాగా కడిగి, ఆరు గ్లాసుల నీళ్లు పోసి, చిటికెడు పసుపేసి గిన్నెలో ఉడికించాలి. కుక్కరయితే సగానికి మించి నిండకుండా చూసుకోండి, లేకపోతే విజిల్లోంచి పప్పు నురగ చిమ్ముతుంది. ఉడికాక గరిటె పెట్టొద్దు. పది నిమిషాలు కదపకుండా వదిలేస్తే పప్పు అడుక్కి దిగుతుంది. పైనున్న మూడు, నాలుగు గ్లాసులు వంపుకోండి. అడుగున మిగిలిన ముద్దపప్పు ఎలాగూ మధ్యాహ్నానికి పనికొస్తుంది.

చారు పెట్టేటప్పుడు బాగా పండిన టమాటాలు రెండు చేత్తో పిసకండి. గింజల చుట్టూ ఉండే జిగురు పారేయొద్దు. టమాటా కండలో కన్నా ఆ జిగురులోనే గ్లూటమేట్ ఎక్కువ. కొంచెం చింతపండు రసం, దంచిన మిరియాలు, జీలకర్ర, వెల్లుల్లి వేసి పచ్చివాసన పోయేదాకా కాగనిచ్చి, అప్పుడు కట్టు పొయ్యాలి. పైన నురగ కట్టి పొంగు వస్తుండగానే దించెయ్యాలి. "చారుని మరిగిస్తే కమ్మదనం ఆవిరైపోద్ది" అంటుంది అమ్మ. పోపు చివర్లో.

ఎదురింటి పెద్దమ్మ కడుగు నీళ్లు

"బియ్యం రెండోసారి కడిగిన నీళ్లు పారబోస్తన్నారా? ఎంత బలిసిపోయారే!" అంది పెద్దమ్మ. మొదటి కడుగు మొక్కలకి. రెండో కడుగులో చింతపండు నానబెడితే పులుసుకి కాస్త చిక్కదనం వస్తుందట. సొరకాయ పులుసుకి, బెండకాయ పులుసుకి ఆవిడ వాడేది అదే. శనగపిండి కలపక్కర్లేదు. ఖర్చు సున్నా. ఇది ఏ రోజు నీళ్లు ఆ రోజే వాడెయ్యాలి. దాచొద్దు, పులుస్తుంది.

మామయ్య ఉలవకట్టు

మా మేనమామకి ఒకప్పుడు బండలాగుడు పందేల ఎడ్లుండేవి. ఎడ్ల కోసం పెద్ద కాగులో ఉలవలు ఉడికేవి. గుగ్గిళ్లు ఎడ్లకి, నీళ్లు మనుషులకి. పెళ్లిళ్లలో మీగడతో వడ్డించే ఉలవచారు అసలు కథ ఇదే. ఎడ్ల దాణాలోంచి తీసిన స్టాక్.

ఇంట్లోకయితే పావుకేజీ ఉలవలు రాళ్లేరి, రాత్రంతా నానబెట్టి, ఒకటిన్నర లీటరు నీళ్లతో ఐదు లీటర్ల కుక్కర్లో సన్నసెగ మీద ముప్పావుగంట ఉంచండి. వడకట్టిన ఎర్రటి నీళ్లలో చింతపండు రసం పోసి సగానికి మరగనివ్వాలి. గరిటెకి అంటుకునేలా రావాలి. గుగ్గిళ్లకి ఉల్లిపాయ, పచ్చిమిర్చి పోపు పెట్టుకుంటే సాయంత్రం ఫలహారం.

ఇక్కడ మామయ్య చెప్పిన ఒక్క మాట మొత్తం వ్యవహారాన్ని తేల్చేసింది. "ఉప్పు ముందే వేసి మరగబెడితే నీళ్లు పోతయ్, ఉప్పు పోదు కదమ్మాయ్." నిజమే. లీటరు నీళ్లకి సరిపోయే ఉప్పు వేసి అరలీటరుకి మరిగిస్తే అది రెట్టింపు ఉప్పన. కాబట్టి ఏ స్టాక్‌కైనా సూత్రం ఒకటే. కాచేటప్పుడు ఉప్పు అస్సలు వెయ్యొద్దు. ఏ వంటలో వాడతామో ఆ వంటలో, చివర్లో, చెంచాతో కొలిచి వెయ్యాలి.

దర్గా వైపు ఖాలా ఎముకల కట్టు

బాజీబాబా దర్గా వైపు వెళ్లే దారిలో మాకు తెలిసిన ఖాలా ఒకావిడ ఉన్నారు. పాయా చెయ్యడంలో ఆవిడ చెయ్యే చెయ్యి. "జల్దీ అంటే కాదు బేటా, ఎముక అలిగిద్ది" అంటారు.

ఆవిడ పద్ధతి ఇది. మేకకాళ్లు కాల్పించి, బాగా గీకి, కడిగి, ఓ ఐదు నిమిషాలు ఉడికించి ఆ మొదటి నీళ్లు పారబోస్తారు. మురికి, నీచువాసన అందులో పోతుంది. తర్వాత మళ్లీ చల్లటి నీళ్లు పోసి, సన్నసెగ మీద మూడు, నాలుగు గంటలు. కుక్కర్లో అయితే గంట. అల్లం, మిరియాలు, ఒక ఉల్లిపాయ చాలు. పైకి తేలే నురగ తీసేస్తూ ఉండాలి. తెర్లా మరగనిస్తే కొవ్వు నీళ్లలో కలిసిపోయి తెల్లగా, మడ్డిగా అవుతుంది. బుడగలు ఒకటీ అరా లేస్తూ ఉంటే తేటగా వస్తుంది.

కోడితో అయితే ఇంకా చవక. మెడలు, రెక్కల కొసలు, కాళ్లు చాలామంది కొట్టు దగ్గరే వదిలేస్తారు. అడిగి తెచ్చుకోండి. కేజీకి రెండు, రెండున్నర లీటర్ల నీళ్లు. మామూలు గిన్నెలో రెండు గంటలు, కుక్కర్లో నలభై నిమిషాలు. చల్లారి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి జున్నులా గడ్డకడుతుంది. చూసి కంగారుపడొద్దు. కాళ్లలో, కీళ్లలో ఉండే కొలాజెన్ వేడికి జెలటిన్‌గా మారి నీళ్లలోకి దిగిందన్నమాట. పైన కొవ్వు తెట్టెలా పేరుకుంటుంది. బీపీ, కొలెస్ట్రాల్ ఉన్న ఇళ్లలో దాన్ని చెంచాతో తీసేస్తే సరిపోతుంది.

ఇక్కడో మాట. ఎముక విరిగినవాళ్లకి సూప్ తాగిస్తే ఎముక అతుక్కుంటుందని మనవాళ్లు గట్టిగా నమ్ముతారు. ఆకలి లేనివాళ్లకి వేడివేడిగా, కొంచెం మాంసకృత్తులతో లోపలికి పోయే ఆహారం కాబట్టి మంచిదే. కానీ ఎముకలోని క్యాల్షియం నీళ్లలోకి దిగేది చాలా తక్కువ. దానికి పాలు, పెరుగు, రాగులు, ఆకుకూరలు తినాల్సిందే.

పిన్ని రొయ్యతలలు

రేపల్లెలో ఉండే పిన్ని ఫోన్‌లో చెప్పింది. రొయ్యలు ఒలిచాక తలలు, పొట్టు పారేయకుండా కడిగి, చెంచాడు నూనెలో ఎర్రగా అయ్యేదాకా వేయించి, మునిగేదాకా నీళ్లు పోసి ఇరవై నిమిషాలు మాత్రమే కాచాలి. వడకట్టిన నీళ్లు రొయ్యల పులుసులో పోస్తే, పావుకేజీ రొయ్యలు అరకేజీ వేసినట్టుంటుంది. చేపల తలకీ ముల్లుకీ కూడా అంతే టైము. ఎక్కువసేపు ఉంచితే చేదొస్తుంది. ఎండురొయ్యలతో కూడా చెయ్యొచ్చు కానీ వాటిలో ముందే ఉప్పు ఉంటుంది, నాన్నలాంటివాళ్లకి పనికిరాదు.

నా డబ్బా

నేను కనిపెట్టిందేం లేదు. ఫ్రీజర్‌లో ఓ డబ్బా పెట్టా, అంతే. ఉల్లిపాయ చివర్లు, క్యారెట్ తొక్కలు, కొత్తిమీర కాడలు, పుట్టగొడుగు కాడలు, బీన్స్ కొసలు, మెత్తబడ్డ టమాటాలు అందులో పడతాయి. డబ్బా నిండితే, రెండంగుళాలు పైకి నీళ్లు పోసి నలభై నిమిషాలు సన్నసెగ. వడకట్టెయ్యాలి.

వెయ్యకూడనివి కూడా చెప్తా, ఎందుకంటే అన్నీ వేసి చూశా. క్యాబేజీ, కాలీఫ్లవర్ వేస్తే ఇల్లంతా వాసన. కాకరకాయ, మెంతికూర చేదు. బీట్‌రూట్ వేస్తే చారు జాకెట్టు గుడ్డ రంగు. పచ్చబడ్డ ఆలుగడ్డ తొక్కలు మంచివి కావు. కుళ్లినవి వెయ్యొద్దు, అది చెత్తబుట్ట కాదు. ఇంకోటి, మనది పత్తీ మిరపా పండే నేల. పురుగుమందు కొట్టడం ఎట్లా ఉంటుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. తొక్క వాడేటప్పుడు పారే నీళ్లలో చేత్తో రుద్ది కడగండి. అనుమానమున్న కాయ అయితే పైతొక్క పారేసెయ్యండి.

నాగార్జున యూనివర్సిటీలో చదివే మా పిన్ని కూతురు రూమ్‌లో ఇంకా తేలిక పద్ధతి పెట్టుకుంది. ఇండక్షన్ పొయ్యి మీద అరగ్లాసు పెసరపప్పు, నాలుగు గ్లాసుల నీళ్లు. పైన తేటలో మిరియాలపొడి, నిమ్మరసం వేసుకుని తాగుతుంది. అడుగుది రాత్రికి పప్పు. నూడుల్స్ మసాలా పొట్లం మానేసి రెండు నెలలైందని గొప్పగా చెప్పింది. పూర్తిగా నమ్మలేదనుకోండి.

నేను చేసిన వెధవ పని

మే నెల. రెండు కేజీల కోడి మెడలు, కాళ్లు తెచ్చి, అరపూట కష్టపడి స్టాక్ కాచి, "చల్లారాక ఫ్రిజ్‌లో పెడదాం" అని పొయ్యి మీదే వదిలేసి, ఫోన్ చూస్తూ నిద్రపోయా. పొద్దున్నే మూత తీస్తే బుడగలు! "మళ్లీ కాస్తే సరిపోద్దిగా" అన్నా. అమ్మ ఒప్పుకోలేదు. తర్వాత చదివితే అమ్మే రైటు. కొన్ని బ్యాక్టీరియా బీజాలు ఒకసారి కాచినా చావవు. గిన్నె గోరువెచ్చగా ఉన్న గంటల్లో అవి మొలిచి పెరుగుతాయి. వాటిలో కొన్ని వదిలే విషం మళ్లీ కాచినా పోదు. మొత్తం పారబోశాం. వీధి కుక్కలకి కూడా పెట్టనివ్వలేదు అమ్మ.

అందుకని ఇవి గుర్తుపెట్టుకోండి:

కాచిన రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి. మన ఎండాకాలంలో, వంటిల్లు 32 డిగ్రీలు దాటితే గంటలోపే.

పెద్ద గిన్నె త్వరగా చల్లారదు. వెడల్పు గిన్నెల్లోకి పంచి, చన్నీళ్ల టబ్‌లో పెట్టి కలపండి.

ఫ్రిజ్‌లో మూడు, నాలుగు రోజులు. ఫ్రీజర్‌లో రెండు, మూడు నెలలు. కరెంటు గంటల తరబడి పోతే ఈ లెక్క చెల్లదు.

ఐస్ ట్రేలో పోసి గడ్డకట్టించండి. అదే మీ సొంత క్యూబ్. చారుకి నాలుగు, కూరకి రెండు వేసుకోవచ్చు.

వాడే ముందు తెర్లా మరగనివ్వండి. కరిగించింది మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టొద్దు.

కిడ్నీ జబ్బున్నవాళ్లు మాత్రం ముందు డాక్టర్ని అడగండి. పప్పు, కూరగాయల్లోని పొటాషియం నీళ్లలోకి దిగుతుంది, వాళ్లకది పడకపోవచ్చు. గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లనొప్పి ఉన్నవాళ్లకి మాంసం స్టాక్ మంచిది కాదు. ఇంకా, స్టాక్ మందు కాదు. నాన్న బీపీ మాత్ర ఒక్క పూట కూడా మానలేదు.

మళ్లీ కంచం దగ్గరికి

మొదటిరోజు అమ్మ కందికట్టు చారు ఒకే గిన్నెలో పెట్టింది. నలుగురికీ కలిపి, ఇదివరకు వేసే దాంట్లో మూడోవంతు ఉప్పు, చెంచాతో కొలిచి. ఎవరికన్నా చాలకపోతే కంచంలో వేసుకోమని చిన్న గిన్నెలో ఉప్పు పక్కన పెట్టింది. నాన్నకి ఏం చెప్పలేదు.

ఆయన కూర్చున్నారు. ఎర్రదారం గిన్నె కోసం ఒకసారి చూశారు. కనిపించలేదు. అందరి గిన్నెలోంచే అమ్మ గరిటెతో పోసింది. ఒక ముద్ద తిని, "మిరియం ఇంకాస్త పడాలే" అన్నారు.

మిరియం! ఉప్పు ఊసెత్తలేదు. నేనూ అమ్మా మొహమొహాలు చూసుకున్నాం. తమ్ముడే, ఆ మహానుభావుడు, "ఉప్పు తగ్గిందేంటి?" అని గిన్నె అందుకున్నాడు. నాన్న వాడివైపు చూసి, "ఇప్పట్నుంచే తగ్గించుకోరా" అన్నారు.

అన్నీ సర్దుకున్నాయని చెప్పను. ఆవకాయ జాడీ ఇంకా అటక మీదే ఉంది, దాని మూత తెల్లారేసరికి కొంచెం పక్కకి జరిగి ఉంటోంది. ఎంత మంచి కట్టు తీసినా, రెండు చెంచాల ఆవకాయతో లెక్క మొత్తం తారుమారవుతుంది. దాని గురించి గొడవ నడుస్తోంది. ముందు రోజుకి ఒకసారికి తగ్గించారు. ఆదివారం మాత్రం అడగొద్దన్నారు. సరే అన్నాం.

ఉప్పు ప్యాకెట్ ఈసారి ఇరవై ఎనిమిది రోజులొచ్చింది. ఇంకా తగ్గాలి.

ఎర్రదారం గిన్నె ఇప్పుడు ఫ్రిజ్‌లో ఉంటోంది. పొద్దున వంపిన కట్టు అందులో పోసి పెడుతుంది అమ్మ. దారం విప్పెయ్యమంటే, "ఉండనియ్, కట్టు గిన్నె ఏదో తెలియాలిగా" అంది. నిన్న సాయంత్రం నాన్న ఫ్రిజ్ తెరిచి, మంచినీళ్ల సీసా తీసుకుంటూ, ఆ గిన్నె మూత ఎత్తి చూశారు.

"కట్టు అయిపోవచ్చింది, రేపటికి పప్పు నానెయ్యండి" అన్నారు.